చెట్లు నరికేశారు, గోడ కూల్చేశారు, కుప్ప కాల్చేశారు: నష్టం లెక్క కట్టడం ఎలా?

కవిటి, మందస వైపు నుంచీ, ఇటు చీపురుపల్లి, గజపతినగరం వైపు నుంచీ నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "మా చెట్లు నరికేశారు. ఎంత అడగాలి?" ఎవరి మీద కేసు పెట్టాలో, ఏ స్టేషన్‌కు వెళ్లాలో అందరికీ తెలుసు. అంకె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. నోటికొచ్చింది చెబుతారు, లేదా ఎదుటివాళ్లు చెప్పినదానికి తలూపుతారు.

చెట్టు, గోడ, వరికుప్ప, మోటారు, ఏది పోయినా లెక్క కట్టే తీరు ఒకటే. ధ్వంసానికి ముందు రోజు మీ ఆస్తి ఎలా ఉంది, తర్వాత రోజు ఎలా ఉంది, ఆ తేడాను రూపాయల్లో చూపించాలి. చూపించే ప్రతి రూపాయి వెనుక ఒక కాగితమో, ఒక ఫోటోనో, నేలలో ఒక మొద్దో ఉండాలి.

## 1. ముందుగా ఇది ఏ రకం నష్టమో తేల్చుకోండి

మూడు రకాల పరిహారాలను మనవాళ్లు కలిపేస్తారు.

- తుఫాను పరిహారం: 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చెట్టుకింత అని ఇచ్చినలాంటిది. అది ప్రభుత్వ సాయం. మీ చెట్టు అసలు విలువకూ దానికీ సంబంధం లేదు.
- భూసేకరణ పరిహారం: 2013 చట్టం ప్రకారం నోటిఫికేషన్ ఇచ్చి, చెట్లకూ కట్టడాలకూ విలువ కట్టి, దాని మీద నూరు శాతం సొలేషియం (ఇష్టం లేకపోయినా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలిపి ఇస్తారు. చట్టప్రకారం తీసుకున్నప్పుడు వర్తించే లెక్క ఇది.
- అన్యాయంగా చేసిన ధ్వంసం: హక్కు గానీ అనుమతి గానీ లేకుండా ఎవరో పాడుచేశారు. ఇక్కడ మీకు నిజంగా పోయినదంతా అడగవచ్చు, మామూలుగా దానికి మించి అడగలేరు. సొలేషియం దానంతటదే రాదు.

ఈ వ్యాసం మూడో రకం గురించి. తుఫాను రేటు పట్టుకుని "ప్రభుత్వమే చెట్టుకు ఇంతిచ్చింది కదా" అని ఎదుటివాళ్లు బేరమాడితే ఒప్పుకోకండి.

గట్టు తగవు ఉన్న చోట ఒక జాగ్రత్త అవసరం. చెట్టు మీ హద్దులో ఉందో లేదో తేలకుండా విలువ కట్టి లాభం లేదు. ముందు మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిపించే) దరఖాస్తు పెట్టి సర్వే చేయించండి. ఎఫ్.ఎం.బి. స్కెచ్ (సర్వే నెంబరు కొలతల పటం) మీద చెట్ల స్థానాలు గుర్తించి ఇమ్మని సర్వేయరును అడగండి.

## 2. మొదటి రెండు రోజులు ఏదీ కదపకండి

మాది సోంపేట వైపు. చాలా ఏళ్ల కిందట, రోడ్డు పని చేస్తున్న కాంట్రాక్టరు మనుషులు మా పెదనాన్న తోటలో అడ్డొచ్చాయని 22 కొబ్బరిచెట్లు పడగొట్టేశారు. పెదమ్మ ఆ మొద్దులు చూసి రోజూ ఏడుస్తోందని పెదనాన్న పది రోజుల్లో జేసీబీ పెట్టించి చాలావరకు పెకలించి, నేల చదును చేయించేశాడు. తర్వాత వచ్చిన సర్వేయరు తోట గట్టు మీద నిలబడి అన్న మాట నాకింకా గుర్తుంది. "ఏటి బావూ, మొద్దులు కూడా లేకుండా సేసీసినారు. ఇప్పుడు నేనేటి రాయాల?" చివరికి 9 చెట్లకే డబ్బు వచ్చింది. ఆ తొమ్మిదీ ఎందుకు నిలిచాయంటే, వాటి మొద్దులు గట్టు వారన మిగిలిపోయాయి కాబట్టి.

అందుకే మనసు ఎంత బాధపడినా రెండు రోజులు ఆగండి. ఈ పనులు ఈ వరుసలో చేయండి.

1. దూరం నుంచి నాలుగు మూలల నుంచీ వీడియో తీయండి. పక్కనున్న గుడి, కరెంటు స్తంభం, రోడ్డు మలుపు లాంటి కదలని గుర్తు ఏదో ఒకటి అందులో కనిపించాలి.
2. ప్రతి మొద్దు మీద సున్నంతోనో పెయింటుతోనో నెంబరు వేయండి. ఆ నెంబరు కనిపించేలా, టేపు అడ్డంగా పెట్టి ఫోటో తీయండి.
3. కాగితం మీద చేతి పటం గీయండి. ఏ నెంబరు ఎక్కడుందో గుర్తించండి.
4. పడిపోయిన కలప, ఇటుకలు, రేకులు, కాలిన బస్తాల బూడిద, అన్నీ ఉన్న చోటే ఉండనివ్వండి. ప్రాణానికి ప్రమాదమైతే మాత్రం, ఫోటోలు తీశాకే పక్కకు జరపండి.
5. వీఆర్వోకూ, రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులకూ రాతపూర్వకంగా చెప్పి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి.
6. పోలీసులు వచ్చినప్పుడు మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) చెట్ల సంఖ్య, గోడ కొలతలు అంకెల్లో రాయమని అడగండి. "కొన్ని చెట్లు", "గోడ కొంత భాగం" అని రాస్తే సంతకం పెట్టేముందే సరిచేయించుకోండి.

కొబ్బరిచెట్టు పడి ఉంటే ఇంకో పని ఉంది. కొబ్బరి మానులో టేకులాగా వయసు వలయాలు ఉండవు. దాని వయసు కాండం బయట ఆకు రాలిన మచ్చల్లో ఉంటుంది. ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తుంది. కాండం మీద మచ్చలు లెక్కపెట్టి 12తో భాగిస్తే వయసు దాదాపుగా తెలుస్తుంది. మొవ్వు దగ్గర ఎన్ని గెలలు ఉన్నాయో, గెలకు ఎన్ని కాయలో లెక్కపెట్టి ఫోటో తీయండి. కాపు ఎంతో చెప్పడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు. ఆ చెట్టును కోసి లారీ ఎక్కించేస్తే ఇవన్నీ పోతాయి.

ఫోటోలు తీసిన ఫోన్ మార్చకండి, ఫైళ్లు చెరపకండి. కోర్టులో వాటిని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన ఫోటో కన్నా, తీసిన ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు నయం.

## 3. ఫిర్యాదులో అంకె రాయండి

2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆస్తి ధ్వంసం ఇందులో 324వ సెక్షన్. నష్టం ఎంత అన్నదాన్ని బట్టి శిక్ష మారుతుంది.

- సాధారణ ధ్వంసం: 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.
- 20 వేల నుంచి లక్ష లోపు: 2 ఏళ్ల వరకు.
- లక్ష, ఆపైన: 5 ఏళ్ల వరకు.

వరికుప్పకో పాకకో నిప్పు పెడితే అది 326వ సెక్షన్. పంటో వస్తువులో కాల్చితే 7 ఏళ్ల వరకు శిక్ష ఉంటుంది. మనుషులుండే ఇల్లు కాల్చితే ఇంకా పెద్ద శిక్ష. వ్యవసాయ నీటికి గండి కొట్టడం కూడా ఈ సెక్షన్‌లోనే ఉంది.

చాలామంది ఫిర్యాదులో "తీవ్ర నష్టం జరిగినది" అని రాసి వదిలేస్తారు. అలా రాస్తే కేసు చిన్న క్లాజులో పడిపోయే ప్రమాదం ఉంది. "ప్రాథమిక అంచనా ప్రకారం సుమారు 1,20,000 రూపాయల నష్టం, పూర్తి వివరాలు తర్వాత సమర్పిస్తాను" అని రాయండి. ఆ అంకెకు సగం పేజీ లెక్క జతచేయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

ఒకటి గుర్తుంచుకోండి. క్రిమినల్ కేసు వల్ల శిక్ష పడుతుంది. తీర్పు సమయంలో కోర్టు కొంత పరిహారం ఇప్పించవచ్చు కూడా. కానీ పూర్తి నష్టం రాబట్టే దారి సివిల్ దావా. రెండూ పక్కపక్కనే నడపవచ్చు.

## 4. "ముందు రోజు" రుజువులు పోగుచేయండి

ధ్వంసం తర్వాతి ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి. అంతకుముందు ఏముందో చూపించేవి ఉండవు. ఇక్కడే కేసులు బలహీనపడతాయి.

వెతకాల్సిన చోట్లు:

- అడంగల్, 1-బి (భూమి, సాగు రికార్డులు), ఈ-క్రాప్ నమోదు (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదు)
- జీడి పిక్కలు, కొబ్బరి కాయలు అమ్మిన చీటీలు, బ్యాంకులో జమలు
- తోట మీదో పంట మీదో తీసుకున్న బ్యాంకు అప్పు కాగితాలు
- ఇంటి పన్ను రసీదు, పంచాయతీ ప్లాన్ అనుమతి, కరెంటు బిల్లు
- గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు (కొబ్బరి మొవ్వులు పైనుంచి చుక్కల్లా కనిపిస్తాయి, లెక్కపెట్టవచ్చు)
- ఇంట్లో వాళ్ల ఫోన్లు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. సంక్రాంతికి వచ్చిన పిల్లలు తోటలో దిగిన ఫోటోల్లో వెనకాల మీ చెట్లు వరసగా ఉంటాయి, తేదీతో సహా. పెళ్లి వీడియోలో మీ గోడ ఉంటుంది. హైదరాబాదులో, చెన్నైలో ఉన్న బంధువులకు కూడా ఫోన్ చేసి అడగండి.

ఉద్దానంలో ఎదుటివాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది: "అవి తిత్లీకే పడిపోయాయి, మేం నరికింది ఏటీ లేదు." దీనికి జవాబు 2018 తర్వాతి తేదీ ఉన్న ఫోటో, 2018 తర్వాత ఆ తోట పంట అమ్మిన చీటీ. ఆ రెండూ ఫైలులో ముందు పేజీల్లోనే పెట్టండి.

## 5. లెక్క కట్టడం

కింది ఉదాహరణల్లో, వరి మద్దతు ధర తప్ప మిగతా రేట్లన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మీ ఊరి రేట్లు వేసుకోండి.

### 5.1 కాపు చెట్లు

రెండు దారులున్నాయి. ఒకటే ఎంచుకోండి.

మొదటి దారి, దిగుబడి లెక్క: చెట్టు మీద ఏడాదికి వచ్చే నికర ఆదాయం తీసుకుని, దాన్ని కొన్ని ఏళ్లతో గుణించడం. భూసేకరణ కేసుల్లో పండ్లతోటలకు 8 ఏళ్ల గుణకం సరైనదని సుప్రీంకోర్టు 1995లో హర్యానా కేసులో చెప్పింది. ప్రైవేటు తగాదాలకు అది శాసనం కాదు గానీ, కోర్టు ముందు పెట్టడానికి మంచి ఆధారం. ముసలి చెట్టైతే గుణకం తగ్గుతుంది. ముప్పై ఏళ్లు దాటిన జీడి తోటకు 8 అడిగితే నిలబడదు.

రెండో దారి, ఖాళీ కాలం లెక్క: కొత్త మొక్క వేసి, అది పాత చెట్టంత కాపుకు వచ్చేదాకా పోయే ఆదాయం, మొక్క పెంచే ఖర్చు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. అంటు జీడి మూడు నాలుగేళ్లలో మొదలుపెడుతుంది గానీ, నిండు కాపుకు ఇంకా చాలా ఏళ్లు కావాలి.

మొదటి దారిలో గుణకం వాడాక, మళ్లీ కొత్త మొక్కల ఖర్చు కలపకూడదు. ఒకే నష్టాన్ని రెండుసార్లు అడిగినట్టు అవుతుంది.

ఉదాహరణ: 14 కొబ్బరిచెట్లు పోయాయి. 12 కాపులో ఉన్నాయి, 2 నాలుగేళ్ల మొక్కలు.

- కాపు చెట్టుకు ఏడాదికి సగటు 80 కాయలు, కాయ 14 రూపాయలు: 1,120
- ఎరువు, దింపుడు కూలి, నీరు: 300
- నికరం: 820
- 820 × 8 = 6,560. పన్నెండు చెట్లకు 78,720
- లేత మొక్కలకు దిగుబడి లెక్క కుదరదు. ఇంతవరకు పెట్టిన ఖర్చు చెట్టుకు 2,500 చొప్పున 5,000
- కలప మీ దగ్గరే ఉంటే దాని విలువ తీసేయాలి: 4,800
- మొద్దులు పెకలించే ఖర్చు కలపాలి: 6,000

మొత్తం: 78,720 + 5,000 − 4,800 + 6,000 = 84,920 రూపాయలు.

కలప ఎదుటివాళ్లు ఎత్తుకుపోయి ఉంటే ఆ 4,800 తీసేయక్కర్లేదు. పైగా అది దొంగతనం కూడా, ఫిర్యాదులో విడిగా రాయండి.

ఏ నెలలో నరికారన్నది జీడికి చాలా ముఖ్యం. మన దగ్గర పిక్కలు ఏరేది మార్చి నుంచి మే వరకు. ఫిబ్రవరిలో పూత, పిందెలతో ఉన్న చెట్టు నరికితే ఈ ఏటి పంట కూడా పోయినట్టే. జూన్‌లో నరికితే ఈ ఏటి పంట మీ చేతికొచ్చేసింది, మొదటి ఏడాది నష్టం వచ్చే మార్చి నుంచే మొదలవుతుంది. పలాసలో అమ్మిన చీటీల తేదీలు ఈ సంగతి బయటపెట్టేస్తాయి, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి.

సగటు తీసేటప్పుడు మూడేళ్ల లెక్క తీసుకోండి. బాగా పండిన ఒక్క ఏడాదే చూపిస్తే ఎదుటి వకీలు మొదటి ప్రశ్నలోనే పట్టుకుంటాడు. అదే, తుఫాను ఏడాది ఆ మూడింట్లో పడితే దాన్ని వదిలేసి, ఎందుకు వదిలేశారో ఒక లైను రాయండి.

### 5.2 గోడ, పాక, ఇల్లు

ఇక్కడ ప్రశ్న ఏమిటంటే, మళ్లీ కట్టే ఖర్చు అడగాలా, ఆస్తి విలువ ఎంత తగ్గిందో అది అడగాలా? మీరు అక్కడే ఉంటున్నారు, మళ్లీ కట్టడం తప్పనిసరి అయితే కట్టే ఖర్చు అడగండి. ఎలాగూ పడగొట్టి కొత్తది కట్టాలనుకున్న పాత కొట్టు అయితే కట్టే ఖర్చు రాదు, మిగిలిన విలువే వస్తుంది.

ఉదాహరణ: 60 అడుగుల గోడలో 40 అడుగులు కూల్చారు. గోడ వయసు 15 ఏళ్లు.

- 40 అడుగులు మళ్లీ కట్టడానికి ఇంజినీరు అంచనా: 48,000
- శిథిలాలు తీయడానికి: 3,000
- పనికొచ్చే పాత ఇటుకల విలువ తీసేస్తే: 4,800
- మొత్తం: 46,200

ఎదుటివాళ్లు "పాత గోడకు కొత్త గోడ డబ్బు ఎందుకివ్వాలి" అంటారు. 50 ఏళ్ల ఆయుష్షు అనుకుంటే, 15 ఏళ్ల తరుగుదల 14,400 తీసేయమంటారు. అప్పుడు 31,800 అవుతుంది. పాత ఇటుకలతో పాత గోడ కట్టించుకునే వీలు మీకు లేదు, కొత్తది కట్టక తప్పని పరిస్థితి వాళ్లే తెచ్చారు అని మీరు చెప్పాలి. అడిగేది 46,200. రెండో అంకె కూడా మీ దగ్గర సిద్ధంగా ఉంటే రాజీ బేరంలో ఎక్కడిదాకా దిగవచ్చో తెలుస్తుంది.

మిగిలిన 20 అడుగులు బీటలు వారి, నిలబడవని ఇంజినీరు రాసిస్తేనే దాని ఖర్చు కలపండి. అంచనాను ప్రభుత్వ ఎస్.ఎస్.ఆర్. (కట్టడం పనుల ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల ప్రకారం వేయించండి. మేస్త్రి చేతిరాత కొటేషన్ కన్నా అది బాగా నిలబడుతుంది. పాకైతే తాటాకు, వెదురు, కూలి విడివిడిగా రాయించండి.

### 5.3 వరికుప్పలు, చేతికొచ్చిన పంట

కుప్ప కాలిపోతే చాలామంది "నలభై బస్తాలు" అని ఊరుకుంటారు. బస్తా 75 కిలోలా 80 కిలోలా అన్నది ఊరిని బట్టి మారుతుంది. కిలోల్లోకి మార్చి రాయండి.

ఉదాహరణ: 80 కిలోల బస్తాలు 40 అంటే 3,200 కిలోలు, అంటే 32 క్వింటాళ్లు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 32 × 2,369 = 75,808. గడ్డి విలువ 6,000 కలపండి. నూర్పిడి, రవాణా ఖర్చు మీకు మిగిలిపోయింది కాబట్టి 4,000 తీసేయండి. మొత్తం 77,808.

బస్తాల సంఖ్యకు ఆధారం ఏది? ఈ-క్రాప్‌లో నమోదైన విస్తీర్ణం, పక్క పొలంవాళ్లకు ఎకరాకు వచ్చిన దిగుబడి, మీరు గత ఏడాది అమ్మిన రసీదు. ఈ మూడూ దగ్గరదగ్గరగా ఉంటే మీ మాట నమ్ముతారు.

### 5.4 మోటార్లు, పైపులు, సామాన్లు

బాగుచేయగలిగితే రిపేరు బిల్లు. బాగుచేయడానికి వీల్లేకపోతే, అదే వయసున్న సెకండ్ హ్యాండ్ వస్తువు ధర. రిపేరు ఖర్చు ఆ ధర కన్నా ఎక్కువైతే ధరే వస్తుంది.

## 6. వెంట వచ్చిన నష్టం, మీరు ఆపగలిగిన నష్టం

ధ్వంసం వల్ల నేరుగా వచ్చిన ఇతర నష్టాలూ అడగవచ్చు. ఇల్లు కూలి అద్దెకు వెళ్తే అద్దె. కంచె పోయి పశువులు పడి తింటే ఆ పంట. కొట్టు మూతపడితే ఆ రోజుల నికర లాభం.

కానీ చట్టం ఒకటి ఆశిస్తుంది. నష్టం పెరగకుండా మీరు చేయగలిగింది చేయాలి. 5 హెచ్‌పీ మోటారు పగలగొట్టారని సీజనంతా చేను ఎండనిచ్చి, మొత్తం పంట అడిగితే రాదు. వారంలో అద్దె మోటారు పెట్టించి ఆ అద్దె అడిగితే వస్తుంది, ఆ వారంలో ఎండిన మేరకూ వస్తుంది. డబ్బుల్లేక పెట్టించలేకపోతే, ఎవరెవరిని అప్పు అడిగారో, ఎప్పుడో రాసి ఉంచండి.

మనోవేదనకు ఒక మొత్తం అడగవచ్చు గానీ ఆస్తి కేసుల్లో పెద్దగా ఆశ పెట్టుకోకండి. కావాలని కక్షతో చేశారని రుజువుంటే మాత్రం వకీలుతో చెప్పి విడి పద్దుగా అడిగించండి.

## 7. ఎవరి వాటా ఎంత?

కౌలు భూమి అయితే పంట నష్టం కౌలుదారుది, చెట్లు, గట్లు, బోరు నష్టం యజమానిది. చాలా కేసుల్లో యజమాని ఒక్కరే అంతా అడిగి, పంట భాగం పోగొట్టుకుంటారు. భూమి స్వాధీనంలో ఉన్న కౌలుదారు తన నష్టానికి తానే దావా వేయవచ్చు. పంట సాగుదారు హక్కుల కార్డు ఉంటే పని సులువు. లేకపోతే కౌలు చెల్లించిన రుజువు, ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు చూపండి.

అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి పేర్లతో నోటీసు ఇవ్వండి. ఒక్కరే ఇచ్చి ఒక్కరే రాజీ పడితే, తర్వాత ఇంట్లో ఇంకో తగవు మొదలవుతుంది.

## 8. ఎవరితో రాయించుకోవాలి?

- చెట్లు, పంట: ఉద్యాన శాఖ లేదా వ్యవసాయ శాఖ అధికారి. శాస్త్రీయ అభిప్రాయం కావాలంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.
- కట్టడాలు: లైసెన్సున్న ఇంజినీరు లేదా రిజిస్టర్డ్ వాల్యూయర్.
- హద్దులు: మండల సర్వేయరు.

దావా వేయగానే అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద పిటిషన్ వేయించండి. కమిషనర్ మీ తోటకు వచ్చి, రెండు పక్షాల ముందే మొద్దులు లెక్కపెట్టి, కొలతలు రాసి కోర్టుకు ఇస్తారు. మీరు వేసిన సున్నపు నెంబర్లు ఆ రోజు ఎంత పనికొస్తాయో చూస్తారు. ఆ నివేదిక మీద ఎదుటివాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు గానీ, "అసలు చెట్లే లేవు" అనలేరు.

## 9. నోటీసు, గడువు, వడ్డీ

లీగల్ నోటీసులో నష్టం పట్టీ మొత్తం జతచేయండి. డబ్బు ఇవ్వకపోతే నోటీసు తేదీ నుంచి వడ్డీ కూడా అడుగుతామని స్పష్టంగా రాయించండి. 1978 వడ్డీ చట్టం ప్రకారం, ఇలాంటి నష్టాలకు దావాకు ముందు కాలపు వడ్డీ అడగాలంటే ఆ మాట రాతపూర్వక నోటీసులో ఉండాలి. చాలా నోటీసుల్లో ఇది లేకపోవడం చూశాను. దావా మూడు నాలుగేళ్లు నడిస్తే అది చిన్న మొత్తం కాదు.

గడువులు:

- ప్రైవేటు వ్యక్తి మీ స్థలంలోకి వచ్చి ధ్వంసం చేస్తే: 3 ఏళ్లు.
- చట్టం ప్రకారమే చేశామని అధికారులు చెప్పే పని అయితే: 1 ఏడాది. చాలామంది మూడేళ్లే అనుకుని ఇక్కడ మునిగిపోతారు.
- ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి 2 నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు గడువులో లెక్కకు రావు. అత్యవసరమైతే కోర్టు అనుమతితో ముందే వేయవచ్చు.

అధికారులు ఇల్లు కూల్చితే ఇంకో ఆయుధం ఉంది. 15 రోజుల ముందు నోటీసు లేకుండా కూల్చకూడదని, ఉల్లంఘించిన అధికారులు సొంత డబ్బుతో మళ్లీ కట్టించి, నష్టపరిహారం కూడా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది. రోడ్డు, ఫుట్‌పాత్, నదీ తీరం, చెరువు లాంటి ప్రజా స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఇది వర్తించదు.

కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఊరికే అంకె పెంచితే ముందుగా మీ జేబుకే చిల్లు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కోర్టు దగ్గర అడగండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

మొద్దులు తీసేశాం. వేర్ల గుంటలు ఇంకా కనిపిస్తుంటే వెంటనే వాటిని ఫోటో తీయండి. ఉపగ్రహ చిత్రం, పెకలించిన జేసీబీ డ్రైవరు, కలప కొన్న వ్యాపారి, ఈ మూడింటి సాక్ష్యం కలిపితే కొంత నిలబడుతుంది.

భూమి విలువ తగ్గింది, చెట్లూ పోయాయి, రెండూ అడిగాం. తోట ధరలో చెట్ల విలువ కలిసే ఉంటుంది. ఒకటి వదులుకోండి.

స్టేషన్‌లో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాం. అదే రోజు ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఆ సంగతి రాయండి. టెన్షన్ పడి ఊరుకుంటే తర్వాత చెప్పినా నమ్మరు.

బిల్లులు లేవు. కొన్న షాపులో నకలు అడగండి. లేదంటే అదే వస్తువు ఇప్పటి ధర కొటేషన్ తీసుకుని, వయసుకు తగ్గ తరుగుదల మీరే తీసి చూపండి. మీరే తీసినప్పుడు ఎదుటివాళ్లు ఇంకా తీయమనడానికి వీలు తక్కువ.

బీమా డబ్బు వచ్చింది, దాచాం. దాచకండి. అది బయటపడితే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. బీమా కంపెనీ హక్కు ఎంతవరకో వకీలుతో చూసుకోండి.

## 11. ఊళ్లో రాజీ కుదిరితే

మన ఊళ్లలో సగం తగవులు పెద్దమనుషుల ముందే తేలతాయి. అది మంచిదే. కాకపోతే కాగితం సరిగ్గా రాసుకోవాలి.

- ఏ తేదీన, ఏ సర్వే నెంబరులో, ఎన్ని చెట్లు లేదా ఎన్ని అడుగుల గోడ
- మొత్తం ఎంత, ఈ రోజు ఎంత, మిగతాది ఏ తేదీకి
- మిగతాది రాకపోతే పూర్తి లెక్క ప్రకారం దావాకు హక్కు ఉంటుందన్న మాట
- కేసు ఉపసంహరణ మొత్తం డబ్బు అందాకే

విడతల్లో తీసుకుంటున్నప్పుడు రసీదు మీద "పూర్తి పరిష్కారం కింద" అన్న మాట ఉందేమో ప్రతిసారీ చూడండి. ఉంటే కొట్టేయించి "పాక్షికంగా" అని రాయించాకే సంతకం పెట్టండి. దావా ఇప్పటికే నడుస్తుంటే రాజీని లోక్ అదాలత్‌లో రాయించండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజూ వెనక్కి వస్తుంది. రెండో విడత డబ్బు ఎగ్గొడితే, మళ్లీ మొదటి నుంచి మొద్దులు లెక్కపెట్టే పని లేకుండా నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు.